ఆకాశం కాల్చని వేపచెట్టు

కుంభారి కాలనీలో మా వరుస ఇళ్లు అయిపోయాక ఒక జొన్న చేను ఉంది. ఆ చేను గట్టు మీద ఒక వేపచెట్టు. నేను ఆ ఇంట్లోకి వచ్చిన మొదటి ఏడాది, చలికాలం పోయి ఎండలు మొదలవుతున్న రోజుల్లో, ఆ చెట్టు ఒక పక్క కాలిపోయింది. ఆకాశం నుంచి చుక్క రాలిపడి కాలిందని కాలనీ అంతా అనుకున్నారు. ఆ చుక్కను చూసిన మనిషిని నేను.

అంతకుముందు మేము సోలాపూర్ ఊళ్లో, భవాని పేటలో ఉండేవాళ్లం. మేము అంటే అక్క, నేను. అక్క భర్త పెళ్లయిన కొత్తల్లోనే పోయాడు. నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదో చెప్పుకోవడం ఇక్కడ అనవసరం. ఇద్దరం బీడీలు చుట్టి బతికాం. మా అద్దె గదికి వెనక గోడ అవతల సాంచాల ఖార్ఖానా. దుప్పట్లు నేసే ఆ పవర్‌లూమ్‌ల చప్పుడు పొద్దున మొదలైతే మా గిన్నెలు కూడా సన్నగా వణుకుతూ ఉండేవి. ఆ చప్పుడులో మాట వినబడాలంటే గట్టిగా చెప్పాలి. అందుకే అక్క గొంతు పెద్దది. రోజంతా చాట ఒళ్లో పెట్టుకుని ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. పాల దగ్గర ఎవరేమన్నారు, ఖార్ఖానాలో ఎవరికి ఎవరితో పడలేదు, తన కలలో ఎవరొచ్చారు, అన్నీ. నేను వినేదాన్ని. నాకు చెప్పడం పెద్దగా రాదు.

బీడీ కార్మికులకు కట్టిన కాలనీలో ఇల్లు అక్కకే వచ్చింది. తాళం చెవి చేతికొచ్చిన నెలలోనే అక్కకు గుండెపోటు వచ్చింది. ఆ ఇంట్లో ఆమె ఒక్క రోజు కూడా ఉండలేదు. నేను సామాను ఆటోలో వేసుకుని ఒక్కదాన్నే వచ్చాను.

కొత్త ఇంట్లో నన్ను భయపెట్టింది చీకటి కాదు, నిశ్శబ్దం. ఆకు కత్తిరిస్తుంటే కత్తెర చప్పుడు నాకే గట్టిగా వినిపించేది. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా నోరు తెరిచే పనే ఉండేది కాదు. కూరగాయలవాడు వస్తే అవసరం లేకపోయినా వంకాయలు బేరమాడేదాన్ని.

ఆ సాయంత్రం వెనకవైపు తీగ మీద బట్టలు తీస్తున్నాను. పొద్దు గూకింది. ఆకాశంలో ఇంకా కాస్త వెలుగుంది. చీర మడత పెడుతుండగా నా నీడ గోడ మీద పడింది. సూర్యుడు లేని వేళ నీడేమిటని తల ఎత్తాను. నెత్తి మీది నుంచి ఉత్తరంగా ఒక వెలుగు పోతోంది. వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చేలాంటి తెలుపు, అంచుల్లో ఆకుపచ్చ. వెనక సన్నటి తోక. చప్పుడు లేదు. అంత పెద్ద వెలుగు అంత నిశ్శబ్దంగా పోతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. వేపచెట్టు వెనక్కి దిగి మాయమైంది.

చీర చేతిలోనే ఉంది. "అక్కా!" అని పిలిచాను. పిలిచాక గానీ తెలియలేదు పిలిచానని.

చూసింది ఎవరికో ఒకరికి చెప్పాలి. లేకపోతే అది జరిగినట్టే ఉండదనిపించింది. పక్కింటామె దగ్గరికి పోయాను. నా కంటే చాలా చిన్నది, ఇద్దరు పిల్లలు, ఆమె కూడా బీడీలే చుడుతుంది. టీవీ చూస్తూ ఆకు కత్తిరిస్తోంది.

"చెల్లె, ఆకాశంల పెద్ద వెలుగు పోయింది. చూసినవా? ఆ వేపచెట్టు దిక్కు వడ్డది."

"ఔనా అక్కా?" అంది కళ్లు టీవీ మీదే ఉంచి. "రాకెట్ గిట్ల ఉంటది తియ్. పెండ్లి బరాత్‌ల ఇడుస్తరు గద."

రాకెట్ కాదని చెప్పాలనుకున్నాను. ఆమె చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు. తిరిగొచ్చేశాను. ఆ రోజు తలుపులు తొందరగా వేసుకుని పడుకున్నాను.

తెల్లారి పక్కింటామే పరుగున వచ్చింది.

"అక్కా, లే! నువ్వు చెప్పింది ఖరంచ, నిజమే! గా యాప ఝాడ్ కాలిపోయింది సూడు. ఇంకా పొగ వస్తుంది!"

నేను వెళ్లేసరికి పది మంది దాకా ఉన్నారు. చెట్టు మొదలు ఒక పక్క బొగ్గులా నల్లగా ఉంది. కింది కొమ్మల ఆకులు వాడి గోధుమరంగుకు తిరిగాయి. చుట్టూ గడ్డి మాడిపోయింది. బూడిదలో నల్లటి రాళ్లు కనబడ్డాయి. గరుకుగా, మెలికలు తిరిగి, కరిగి మళ్లీ గట్టిపడినట్టున్నాయి. అటువంటి రాయి మా నేల మీద ఎక్కడా లేదు.

"ఎవరు సూసిండ్రు వడంగ?" అన్నారెవరో.

పక్కింటామె నా భుజం మీద చెయ్యి వేసింది. "మా అక్క సూసింది. నిన్ననే నాకొచ్చి చెప్పింది."

అందరూ నా వైపు తిరిగారు. అన్ని కళ్లు ఒక్కసారి నన్ను చూడడం నాకు బుద్ధి తెలిశాక అదే మొదలు. చెప్పాను. నీడ పడిందని, ఆకుపచ్చ అంచు ఉందని, చెట్టు వెనక్కి దిగిందని. గొంతు పెద్దది చేసి చెప్పాను. ఎవరి గొంతు అది అని నాకే అనిపించింది.

మధ్యాహ్నానికి పెద్ద రాయిని గట్టు మీద పెట్టి పసుపు కుంకుమ పూశారు. కొబ్బరికాయలు కొట్టారు. చెట్టుకు దారాలు చుట్టారు. ఎవరో ఫోనులో వీడియో తీసి పంపారు. ఊళ్లోంచి స్కూటర్ల మీద జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లంతా చెట్టును చూసి తర్వాత మా ఇంటికొచ్చేవాళ్లు.

ఆ వారం గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగా, కొంచెం తీపిగా ఉంటుంది. మా వరుస ఆడవాళ్లు చాటలు తెచ్చుకుని మా ఇంట్లోనే కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా నేను చెప్పాలి, వీళ్లు మళ్లీ వినాలి. ఎక్కడైనా ఒక మాట వదిలేస్తే వాళ్లే అందించేవాళ్లు. "నీడ సంగతి చెప్పలేదక్కా!" అనేవాళ్లు. తంబాకు ఘాటు, గాజుల చప్పుడు, నవ్వులు. ఒకామె చాయ్ పెట్టేది. ఇంకొకామె మెంతికూర తెచ్చి ఇక్కడే ఏరేది. నేను పొద్దున్నే ఇల్లు ఊడ్చి, చాప పరిచి, ఎదురుచూసేదాన్ని. వాళ్లు వెళ్లాక ఇల్లు మునుపటి కంటే పెద్దదిగా అనిపించేది. కానీ రేపు మళ్లీ వస్తారన్న నమ్మకం ఉండేది.

వాళ్లు ఇళ్లకు పోయాక ఒక ప్రశ్న మాత్రం నాతో ఉండిపోయేది. ఆ వెలుగు కళ్లు చెదిరేటంత ఉంది. అది నిజంగా ఆ చెట్టు మీద పడి ఉంటే చెట్టు ఒక పక్కే కాలి ఊరుకుంటుందా? చేను అంటుకోదా? మా ఇళ్లు మిగులుతాయా? ఎవరినీ అడగలేదు. అడిగితే ఈ చాప మీద ఎవరూ కూర్చోరని లోపల ఎక్కడో తెలుసేమో.

ఆ వీడియో చూసి సోలాపూర్ కాలేజీలో రాళ్ల గురించి చదువు చెప్పే ఒక టీచరమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. స్కూటీ మీద ఒక్కతే వచ్చింది. మరాఠీలో మొదలుపెట్టి, మా మాటలు విని, తెలుగులోకి తిరిగింది. వాళ్లదీ తెలుగువాళ్ల ఇల్లేనట.

దండం పెట్టి, చెప్పులు విప్పి, గట్టు మీది రాయిని ముట్టుకోవచ్చా అని అడిగింది. పక్కింటామె సరేనంది. టీచరమ్మ దాన్ని చేతిలో ఎత్తి చూసింది. సంచిలోంచి చిన్న అయస్కాంతం తీసి ఆనించింది. భూతద్దంతో చూసింది. తర్వాత చెట్టు మొదట్లో కూర్చుని బూడిదను వేళ్లతో కెలికింది. మేము చుట్టూ నిలబడ్డాం.

"ఇక్కడ బూడిద ఎవరన్న పోసిండ్రా?" అంది.

ఒక ముసలాయన ముందుకొచ్చాడు. "ట్రాక్టర్‌వాడు పోసిండు. బాట గుంతలు వడ్డయని చేనాయన చెప్పి పోయించుకున్నడు. గారోజు చీకటి వడ్డంక తెచ్చిండు."

"ఏడికెళ్లి తెచ్చిండు?"

"టవల్లకు రంగేసే ఖార్ఖానా ఉంది గద, దాని బాయిలర్‌కెళ్లి."

టీచరమ్మ తల ఊపింది. రాయిని మాకు చూపించింది. దాని నిండా చిన్న చిన్న బుడగల గుంతలు. "ఇది బాయిలర్ల బొగ్గు కాలినంక మిగిలే చిట్టెం. ఆకాశంకెళ్లి వచ్చే రాయి గిట్ల బుడగలు బుడగలుగ ఉండదు. చేతిల పట్టుకుంటే బరువు తెలుస్తది. ఇది తేలికగుంది. బూడిదల నిప్పు ఆరకముందే పోసిండ్రు. ఎండిన గడ్డి అంటుకున్నది. చూడుండ్రి, చెట్టు కిందికెళ్లి పైకి కాలింది. పైనున్న ఆకు పచ్చగనే ఉంది. ఆకాశంకెళ్లి మంట వస్తే మొదలు పైననే కాలాలె గద?"

అందరూ తల ఎత్తి చూశారు. పైకొమ్మలు పచ్చగానే ఉన్నాయి. వారమంతా అవి పచ్చగానే ఉన్నాయి. మేమంతా కిందికే చూశాం.

"మరి మా అక్క సూసింది?" అంది పక్కింటామె. ఆమె గొంతులో కోపం ఉంది, ఎవరి మీదో తెలియదు.

నేనే అడిగాను. "మేడం, ఆకాశంకెళ్లి వడ్డ రాయి చెట్టును కాల్చనే కాల్చదా?"

టీచరమ్మ నా వైపు తిరిగింది. అంతసేపూ అందరికీ చెప్పింది, ఇప్పుడు నాకొక్కదానికే చెప్పింది.

"చిన్న రాయైతే కాల్చదమ్మా. మీరు చూసిన వెలుగు చాన పైన, మేఘాల కంటె పైన పుడుతది. గాలిని కొట్టుకుంట వచ్చే వేగానికి రాయి పైపొర మండి ఊడిపోతది. కిందికి వచ్చేసరికి వేగం తగ్గుతది, మంట ఆరుతది. ఆనంక మామూలు రాయి లెక్కనే పడుతది. పైన సన్నటి నల్ల పొర ఉంటది గని, లోపల చల్లగుంటది. ఎన్నో ఏండ్లు చలిల తిరిగిన రాయి గద, గడియసేపు మంటకు లోపలిదాక వేడెక్కదు."

"పెద్దదైతే?"

"పెద్ద బిల్డింగంత రాయైతే కాలుస్తది. రష్యాల ఒకసారి అడివిల గట్లనే అయింది. నూరేండ్లు దాటింది. నేలను తాకక ముందే గాలిల పేలింది. ఆ వేడికి చెట్లు మాడినయి, గాలికి ఎక్కడియక్కడ పడిపోయినయి. మన దిక్కు లోణార్‌ల చెరువంత గుంత చేసిన రాయైతే ఇంకా పెద్దది. అప్పుడు చుట్టు ఉన్నయన్ని కాలే ఉంటయి. గసొంటిది ఇక్కడ వడితే మనం గిట్ల నిలవడి మాట్లాడం అమ్మా."

ఎవరో నవ్వారు. నవ్వుతో గుంపు విడిపోయింది. "బూడిదకా మనం కొబ్బరికాయ కొట్టింది?" అని ఒకామె అనడం వినబడింది. ఇంకొకామె, "ఒంటరి మనిషి, పాపం, ఏదో మెరిస్తే ఏదో అనుకున్నట్టున్నది" అంది. మెల్లగానే అంది గానీ ఆ కాలనీలో చప్పుడు తక్కువ. అన్నీ వినబడతాయి.

టీచరమ్మకు కూడా వినబడి ఉండాలి. "మీ ఇల్లేది అమ్మా?" అని నా వెంట వచ్చింది. వెనక తలుపు దగ్గర, నేను ఆ రోజు నిలబడ్డ చోటే నన్ను నిలబెట్టింది. "ఎక్కడ మొదలయ్యింది? చెయ్యి పెట్టి చూపియ్యుండ్రి" అంది. చూపించాను. నా చేతి పక్కన ఫోను పట్టుకుని దిక్కు చూసుకుంది. "ఎక్కడ మాయమయ్యింది?" వేపచెట్టు కొస దగ్గర చూపించాను. మళ్లీ చూసుకుంది.

"మేడం, నేను సూసింది నిజమేనా?"

"నిజమే. వేరే ఊర్లల్ల కూడ చూసిండ్రు. నాకు ఫోన్లొచ్చినయి."

"మరి నేను చెట్టెనకనే వడ్డదనుకుంటిని."

"అందరు గట్లనే అనుకుంటరు. పక్క చేన్ల వడ్డదంటరు, ఆ ఇంటెనక వడ్డదంటరు. అంత వెలుగుంటే దగ్గరనే ఉన్నట్టనిపిస్తది. గని అది ఎన్నో కోసుల దూరముంటది."

ఆమె వెళ్లాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అంత దగ్గరగా కనబడినది అంత దూరంలో ఉందన్న మాట నాకు చెట్టు సంగతి కంటే ఎక్కువ బాధ కలిగించింది.

మర్నాడు చాప పరిచాను. ఇద్దరు వచ్చారు. ఆ తర్వాతి రోజు ఒకామె వచ్చింది, ఆమె కూడా మధ్యాహ్నానికి ఏదో పని ఉందని లేచింది. తర్వాత ఎవరూ రాలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు, ఎవరూ ముఖం చాటేయలేదు. ఎవరిళ్లలో వాళ్లకు పనులుంటాయి. రావడానికి కారణమొకటి ఉండింది, అది పోయింది. అంతే. చెట్టుకు కట్టిన దారాలు ఎండకు వెలిశాయి. చేను యజమాని కాలిన కొమ్మలు కొట్టించి పట్టుకుపోయాడు. చెట్టు బతికింది.

నెల దాటాక టీచరమ్మ ఫోను చేసింది. ఆ వెలుగును చూసినవాళ్లు చూపిన దిక్కులన్నీ కలిపి గీత గీశారట. గీత తుల్జాపూర్ దాటి ఉత్తరంగా పోయిందట. విద్యార్థులతో వెతికించారు గానీ రాయి దొరకలేదు. "కాలేజీల అసలైన రాయొకటి ఉంది. చూసెటందుకు వస్తారా అమ్మా?" అంది.

బీడీలు అప్పగించే రోజు చూసుకుని, ఆ పని అయ్యాక కాలేజీకి పోయాను. ఎప్పుడూ అంత పెద్ద గేటు లోపలికి అడుగు పెట్టలేదు. టీచరమ్మ గదిలో అప్పటికే ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తలకు ఎర్ర పాగా, భుజాన గొంగడి. తుల్జాపూర్ అవతల పల్లెలో గొర్రెలు కాస్తాడట. ఆయన కూడా చూశాడని చెప్పింది టీచరమ్మ.

ముందు రాయి చూపించింది. అరచేతిలో పట్టేంత ముక్క. మాడిన జొన్నరొట్టె పొరలాంటి సన్నటి నలుపు పైన. విరిగిన వైపు లోపల బూడిదరంగు, అందులో మెరిసే చుక్కలు. నా చేతిలో పెట్టింది. ఉన్న సైజుకు చాలా బరువుంది. చల్లగా ఉంది. అన్ని రాళ్లూ గదిలో చల్లగానే ఉంటాయని నాకు తెలుసు. అయినా ఆ చలి వేరేలా తోచింది. అంత మంటలోంచి వచ్చింది, లోపలికి మంట అందనే లేదు. వేళ్లు ముడిచి కాసేపు పట్టుకున్నాను. అక్కను తీసుకుపోయిన రోజు నుంచి నాకు ఏడుపు రాలేదు. అక్కడ రెండు కన్నీటి చుక్కలు రాలాయి. టీచరమ్మ కిటికీ వైపు తిరిగి ఏదో సర్దుకుంది.

పెద్దాయన నన్ను చూస్తూనే ఉన్నాడు. మేమిద్దరం మాట్లాడుకున్నది మరాఠీలో.

"మీకు చప్పుడు వినబడిందా?" అన్నాడు. అదే ఆయన మొదటి మాట.

"లేదు. ఏమీ వినబడలేదు."

ఆయన ముఖం వాడిపోయింది. "వెలుగు పోయాక చాలాసేపటికి చప్పుడొచ్చింది. క్వారీలో రాయి పేల్చినట్టు. గొర్రెలన్నీ చెదిరిపోయాయి. ఊళ్లో చెబితే ఎవరూ నమ్మలేదు. వెలుగు పోయినాక ఇంతసేపటికి చప్పుడేంటి అన్నారు. మీరు కూడా చూశారంటే, మీరైనా విని ఉంటారని వచ్చాను."

వినబడిందని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు.

టీచరమ్మ తిరిగి వచ్చి ఆయనకు వివరించింది. వెలుగు వెంటనే కనబడుతుంది, చప్పుడు నడిచినట్టు మెల్లగా వస్తుంది, దగ్గరున్నవాళ్లకే అందుతుంది, ఆయన దానికి దగ్గరగా ఉన్నాడు కాబట్టి విన్నాడు అని. పెద్దాయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "చూశారా, నిజమే" అన్నాడు, అది నాకు సంబంధించిన సంగతే అయినట్టు.

"మీరు చూసినప్పుడు పక్కన ఎవరున్నారు?" అని అడిగాడు.

"ఒక్కదాన్నే."

"నేనూ అంతే. గొర్రెలున్నాయనుకోండి."

ఇద్దరం కలిసే బస్ స్టాండ్ దాకా నడిచాం. దారిలో చాయ్ తాగాం. అప్పుడాయన వెలుగు సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు, నేను విన్నాను. తర్వాత నన్ను చెప్పమన్నాడు. చెప్పాను. ఆకుపచ్చ అంచు అనగానే, "ఆఁ, లేత జొన్న కంకి రంగు" అన్నాడు. నాకు ఆ పోలిక ఎప్పుడూ తట్టలేదు. సరిగ్గా ఆ రంగే.

ఆయన బస్సు ముందు వచ్చింది. గొంగడి సర్దుకుని ఎక్కాడు. జనంలో ఆయన ఎక్కడ కూర్చున్నాడో కనబడలేదు. పేరు అడగలేదు, ఆయనా అడగలేదు. బస్సు గేటు దాటి మలుపు తిరిగేదాకా చూసి, కుంభారి బస్సు ఆగే చోటుకు నడిచాను.